నడుము తగ్గిన ప్యాకెట్టు

కాగితం ముక్క కనపడితే చాలు, ఆయన చెయ్యి ఊరుకోదు. బస్సు టిక్కెట్టు కానివ్వండి, డాక్టరు చీటీ కానివ్వండి, మాట్లాడుతూ మాట్లాడుతూనే దాన్ని నాలుగు మడతలు పెట్టి, అంచులు గోటితో గీసి, బుల్లి పెట్టె చేసి బల్ల మీద కూర్చోబెడతాడు. అందుకే ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని మడతలాయన అంటారు. పిండి, పంచదార, పాలపొడి అమ్మే కంపెనీ అది. అక్కడ ప్యాకెట్ల ఆకారం గీయడం ఆయన పని. ఎత్తెంత, వెడల్పెంత, మడత ఎక్కడ, జిగురు ఎక్కడ, ఏ అక్షరం ఏ మూల. ఇరవై ఏళ్ళుగా అదే. కొట్లో ఎవరైనా తన ప్యాకెట్టును చేతిలోకి తీసుకుంటే పక్కన నిలబడి మురిసిపోయే రకం. సరుకులకి ఆయన్ని వెంట తీసుకెళ్ళడం ఆయన భార్య ఎప్పుడో మానేసింది. కొనాల్సినవి వదిలేసి అరల్లో ప్యాకెట్లు సర్దుతూ నిలబడతాడని ఆవిడ బాధ.

ఇలాంటి మనిషి తలెత్తుకోలేని పని చేస్తాడని ఎవరూ అనుకోరు. ఆయనా అనుకోలేదు. చేసేటప్పుడు అది తప్పుడు పనిలా కనపడకపోవడమే వచ్చిన చిక్కు.

ఒక సోమవారం పై అధికారి ఆయన్ని గదిలోకి పిలిచి, కిలో పిండి ప్యాకెట్టు బల్ల మీద నిలబెట్టాడు.

"దీన్లో నూట యాభై గ్రాములు తగ్గిస్తున్నాం. ధర అదే. చూసేవాళ్ళకి తేడా తెలియకూడదు. ముఖం తగ్గకూడదు, నడుము తగ్గాలి. ఎలా చేస్తారో మీ ఇష్టం" అన్నాడు.

మడతలాయనకి ముందు తట్టింది తప్పా ఒప్పా అని కాదు. లెక్క తట్టింది. ఎత్తూ వెడల్పూ ముట్టుకోకుండా పక్కమడత ఒక్కటీ ఏడు సెంటీమీటర్ల నుంచి ఆరుకి దించితే సరిపోతుంది. అరల్లో ప్యాకెట్లు ముఖాలు బయటికి పెట్టి నిలబడతాయి. పక్కకి తిప్పి నడుము కొలిచేంత తీరిక ఎవరికుంది? బరువు అంకె ముందువైపే ఉండాలని నిబంధన. ముందువైపే పెట్టాడు. కాకపోతే అట్టడుగున, కాగితం వంపు తిరిగే చోట, గోధుమరంగు మీద లేత గోధుమరంగులో పెట్టాడు. అధికారి ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి, అంకె ఎక్కడుందో తనకే దొరక్క, పగలబడి నవ్వాడు. మీటింగులో అందరి ముందూ భుజం తట్టాడు. ఆ రోజంతా మడతలాయన కాళ్ళు నేల మీద లేవు. ఆ సంబరంలోనే, అచ్చయి వచ్చిన మొదటి ప్యాకెట్టు తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాడు.

అక్కంటే ఆయనకి అమ్మ కింద లెక్క. తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక అన్నీ తానై పెంచింది, అదీ కేకులు చేసి పెంచింది. ఇంటి వెనక గదిలో బీరువా అంత ఓవెన్, గోడ పొడవునా మసిబారిన రేకు అచ్చులు, మధ్యలో పొడవాటి బల్ల. స్కూలు క్యాంటీనుకీ, రెండు ఆఫీసులకీ, వీధి చివర టీ బండికీ ఆవిడ కేకులే వెళ్తాయి. ఆ ఇంట్లో తూకం వేసే వస్తువు మచ్చుకి ఒక్కటి లేదు. ప్యాకెట్టు పిండి, దిమ్మ వెన్న, డబ్బా పంచదార, ఇరవై గుడ్లు. ముప్పై ఏళ్ళుగా ఇదే కొలత. ఎవరైనా అడిగితే, "కంపెనీ వాళ్ళు తూచి పోసిందాన్ని మళ్ళీ నేను తూచాలా? నాకేం పనీపాటా లేదా?" అంటుంది. తమ్ముడు ఆ కంపెనీలో చేరాక వేరే కంపెనీ పిండిని ఆవిడ గడప తొక్కనివ్వలేదు.

కొత్త ప్యాకెట్టు చూసి ఆవిడ ముఖం విప్పారింది. ముందుగదిలో అద్దాల గూట్లో, తమ్ముడి స్కూలు బహుమతుల పక్కన నిలబెట్టింది. వచ్చినవాళ్ళకల్లా చూపించింది. "మా వాడు గీసిందే. ఎంత బాగుందో చూడండి" అని.

కేకులు చేసే వెనక గదిలో ఇంకో మనిషి ఉండేది. పన్నెండేళ్ళుగా పొద్దున ఆరింటికల్లా వచ్చి, ప్యాకెట్లు చింపి, పిండి జల్లించి, గుడ్లు గిలక్కొట్టి, అచ్చులకి వెన్న రాసి వెళ్ళేది. యాభై ఐదేళ్ళావిడ. ఎడమ చేత్తో జల్లెడ ఆడిస్తూ కుడి చేత్తో ఇంకో పని చేయగల మనిషి. అందరూ జల్లెడమ్మ అనేవారు. అక్కా ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. మడతలాయన్ని ఆవిడ చిన్నవాడిని చూసినట్టే చూసేది. "ఏం బాబూ, చిక్కిపోయావ్? మీ ఆవిడ తిండి పెట్టడం లేదా?" అని ఏడిపించేది. ఆ ఇంట్లో ఒక అలవాటుంది. జల్లెడలో మిగిలిన ముతక పిండీ, బల్ల మీద రాలిన పిండీ జల్లెడమ్మవి. చిన్న గుడ్డసంచీలో పోసుకుని ఇంటికి తీసుకెళ్ళేది. ఆ సంచీ తలుపు వెనక మేకుకి అందరికీ కనపడేట్టే వేలాడుతూ ఉండేది.

రెండు నెలలు గడిచాయి. అక్క కేకులు నడిమధ్యలో కుంగడం మొదలుపెట్టాయి.

మొదట ఓవెన్ని అనుమానించింది. మెకానిక్ వచ్చి తలుపు రబ్బరు మార్చాడు. కేకులు కుంగాయి. గుడ్లు మార్చింది, వెన్న మార్చింది. కోస్తే చేతికి జిడ్డు, నోట్లో పెడితే తడి పిండి. అక్క చేతికి మాత్రం మొదటి రోజునే తెలిసిపోయింది, కలిపిన పిండి జారుతోందని. గరిటె ఎత్తితే మందంగా దిగాల్సింది జారి పడుతోంది. పిండి గిన్నె లోపల ఒక నీలం గీత ఉంది. ఒక ప్యాకెట్టు జల్లించి పోస్తే పిండి సరిగ్గా ఆ గీతకి తగలాలి. ఇప్పుడు రెండు వేళ్ళ కిందే ఆగిపోతోంది.

క్యాంటీను నుంచి ఎనిమిది కేకులు తిరిగొచ్చిన రోజున అక్క నోరు జారింది. ఆ సంగతి మడతలాయనకి ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. ప్రతి ఆదివారం ఆయన అక్క ఇంట్లోనే భోంచేస్తాడు. అక్క ఎదురుగా కూర్చుని, తన కంచం ముట్టుకోకుండా చెప్పుకొచ్చింది.

"ప్యాకెట్లు అతికించినవి అతికించినట్టే ఉన్నాయి. గిన్నెలో పిండి చూస్తే గీత దాకా రాదు. మధ్యలో ఉన్న చెయ్యి ఒక్కటేరా. ఎంతకని కళ్ళు మూసుకోను? రోజూ ఆ సంచీ నింపుకుని పోతోంది. మిగిలింది తీసుకోమన్నాను గానీ, మిగుల్చుకుని తీసుకోమన్నానా? అడిగేశాను."

"ఎవరి ముందు?" అన్నాడు మడతలాయన. ఎందుకడిగాడో ఆయనకే తెలీదు.

"అందరూ ఉన్నారు. కేకులు తిరిగి తెచ్చిన క్యాంటీనావిడ, ఓవెన్ మెకానిక్కు, పాలాయన, వెన్న తెచ్చిన మూలకొట్టాయన. నా గొంతు విని ఎదురింటి టీచరమ్మ కూడా వచ్చింది. ఒళ్ళు తెలీని కోపంలో అనేశాను."

"మరి ఆవిడేమంది?"

"ఏమంటుంది! మేకు మీంచి సంచీ తీసి, బల్ల మీద బోర్లించి, తిరగేసి దులిపింది. గుప్పెడు ముతక పిండి రాలింది. 'ఇంతే వదినా, ఇదే పన్నెండేళ్ళుగా' అంది. సంచీ అక్కడే పడేసి వెళ్ళిపోయింది." అక్క కళ్ళు తుడుచుకుంది. "నేను తప్పు చేశానంటావా?"

మడతలాయనకి అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. ఏడు నుంచి ఆరు. రెండు వేళ్ళు. నోరు తెరిచి ఒక్క మాట అంటే అయిపోయేది. 'అక్కా, ప్యాకెట్లోనే తక్కువుంది.' అంతే మాట. కానీ అక్క వెనక, తెరిచిన తలుపులోంచి, అద్దాల గూడు కనపడుతోంది.

"ఏమో అక్కా, నాకేం తెలుసు" అన్నాడు. ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఆ ముద్ద మింగడానికి ఆయన పడ్డ పాట్లు చెప్పుకుంటే సిగ్గుచేటు.

రేపు చెబుదామనుకున్నాడు. రేపు వచ్చింది, పోయింది. ఫోన్లో చెప్పే విషయం కాదనుకున్నాడు. ఎదురుగా చెప్పడానికి ఆదివారం దాకా ఆగాలనుకున్నాడు. ఆదివారం వస్తే అక్కకి తలనొప్పిగా ఉంది. అక్క ఓవెన్ వెలిగించడం మానేసింది. సాయానికి మనిషి లేదు, క్యాంటీను వాళ్ళు ఆర్డరు ఆపేశారు. ఆవిడ రోజంతా ఖాళీ అచ్చులు తోముతూ కూర్చునేది. మడతలాయన తనకి తాను ఎన్నో చెప్పుకున్నాడు. తగ్గించమన్నది కంపెనీ. అంకె ప్యాకెట్టు మీదే ఉంది. చదవకపోతే ఎవరిది తప్పు? అన్ని కంపెనీలూ చేస్తున్నదే. ఒక్కొక్క మాటా విడిగా వింటే నిజమే. అన్నీ కలిపి వింటే మాత్రం ఆయనకే ఒళ్ళు మండేది.

మూడో వారంలో ఒక సాయంత్రం మూలకొట్లోకి సబ్బు కోసం వెళ్ళాడు. పిండి అర ముందు జల్లెడమ్మ నిలబడి ఉంది. చేతిలో ప్యాకెట్టు. దాన్ని తలకిందులు చేసి, కళ్ళకి దూరంగా పట్టుకుని, అడుగున వంపు తిరిగిన చోట పెదాలు కదుపుతూ చదువుతోంది. చదివి, కొట్టాయన తూకం బల్ల దగ్గరికి తీసుకెళ్ళి పెట్టింది. అంకె చూసింది. తలెత్తింది. ఎదురుగా మడతలాయన.

ఆవిడ అలా చూస్తూ నిలబడింది, అంతే. మడతలాయన తేలు కుట్టిన దొంగలా సబ్బుల అర వైపు తిరిగిపోయాడు. చేతికి దొరికిన సబ్బు పెట్టె తీసుకుని, దాని మీద రాసినవన్నీ చివరి అక్షరం దాకా చదివాడు. వెనక్కి తిరిగేసరికి ఆవిడ లేదు. బతికిపోయానన్న ఊపిరి ఒకటి ఆయన నోటి నుంచి వచ్చింది. తన ఊపిరి తనకే అసహ్యం వేసింది.

ఆ ఆదివారం తెల్లవారుతూనే అక్క ఫోన్ చేసింది. గొంతులో చాలా రోజుల తర్వాత కాస్త హుషారు.

"ఒరేయ్, క్యాంటీనావిడ ఇంకో అవకాశం ఇచ్చింది. రేపు నాలుగు కేకులు పంపమంది, బాగుంటే మళ్ళీ ఆర్డరిస్తుందట. నాకు రెండు చేతులు చాలవు. పెందరాళే రా, పిండి నువ్వు జల్లించు."

వెళ్ళాడు. వెళ్ళకుండా ఎలా ఉంటాడు? అక్క నడుముకి గుడ్డ చుట్టుకుని, గుడ్లు గిలక్కొడుతూ, పాత రోజుల్లోలాగా నోరు ఊరుకోకుండా మాట్లాడుతోంది. మడతలాయన బల్ల ముందు నిలబడి, తను గీసిన ప్యాకెట్టు తనే చింపాడు. జల్లెడ ఆడించాడు. అలవాటు లేక సగం పిండి బల్ల మీద పోశాడు. ఆవిడ నవ్వి, ఆ రాలింది కూడా ఎత్తి గిన్నెలో పోయించింది. పిండి గీతకి రెండు వేళ్ళ కింద ఆగింది.

అక్క వంగి చూసింది. "ఏంట్రా ఇది? నువ్వేమైనా జేబులో పోసుకున్నావా?" అని నవ్వింది. "ఇంకోటి చింపు."

ఇంకో ప్యాకెట్టు చింపి వేరే గిన్నెలో జల్లించాడు. దాన్ని మొదటి గిన్నె ఖాళీ చేసి అందులో పోసింది అక్క. మళ్ళీ రెండు వేళ్ళ కిందే. ఈసారి ఆవిడ నవ్వలేదు. గిన్నె వైపు చూసింది, తలుపు వెనక ఖాళీ మేకు వైపు చూసింది. మెల్లగా స్టూలు మీద కూలబడింది.

"అయితే వదిన తియ్యలేదు" అంది. "ఒరేయ్, వదిన తియ్యలేదురా. పన్నెండేళ్ళుగా నాతో ఉన్న మనిషిని అందరి ముందూ దొంగని చేశాను. నా చేతికి చెదలు పట్టింది గానీ ఆవిడ చేతికి కాదు. ముసలిదాన్నయిపోయాను, కొలత మర్చిపోయాను, ఆ ఉక్రోషం ఆవిడ మీద చూపించాను."

తిట్టుకుంటూ తన చేతినే చూసుకుంటోంది ఆవిడ, అటూ ఇటూ తిప్పి. మడతలాయన ఇక ఉండలేకపోయాడు.

"నీ చేతికేం కాలేదక్కా. ప్యాకెట్లోనే తక్కువుంది. ఎనిమిది వందల యాభై. తగ్గించారు."

"ఎవరు?"

"కంపెనీ."

"ప్యాకెట్టు గీసింది నువ్వు కదరా?"

"నేనే. పక్కమడత తగ్గించాను. చూసేవాళ్ళకి తెలియకుండా."

అక్క ఖాళీ ప్యాకెట్టు తీసుకుని, అడుగు భాగం వెలుతురులోకి పెట్టి, కళ్ళు చిట్లించి, అంకె వెతుక్కుని చదివింది. ఆవిడకి కోపం వస్తే బాగుండునని ఆయన ఎదురు చూశాడు. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వస్తే గరిటె విసిరిన మనిషి. ఇప్పుడు ఆవిడ గొంతు చాలా మెత్తగా ఉంది.

"వదిన సంగతి నేను చెప్పిన రోజు నువ్వు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నావు. అప్పుడు తెలుసా నీకు?"

తల ఊపాడు.

"తెలిసి తిన్నావా?"

ఈసారి తల ఊపడానికి కూడా ఆయనకి మొహం చెల్లలేదు. అక్క చేతులు కడుక్కుంది. నడుము గుడ్డ విప్పి మేకుకి తగిలించింది. "పద" అంది.

జల్లెడమ్మ ఇల్లు రెండు వీధుల అవతల, మేడమెట్ల కింద ఒక గది. తలుపు తీసి ఇద్దరినీ చూసింది. లోపలికి రమ్మనలేదు. అక్క ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "వదినా, నా నోరు పడిపోనూ" అంటూనే ఏడ్చేసింది. జల్లెడమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. అలాగని ఏడవనూ లేదు. అక్క కళ్ళు తుడుచుకుని, తమ్ముడి వైపు తిరిగి, "చెప్పు" అంది.

"మా కంపెనీలో ఒక నిర్ణయం తీసుకున్నారండీ, దాని వల్ల ప్యాకెట్లలో..." అని మొదలుపెట్టాడు మడతలాయన.

"కంపెనీ సంగతి ఆవిడకెందుకు? నీ సంగతి చెప్పు."

చెప్పాడు. అంతా చెప్పాడు. మీటింగులో భుజం తట్టించుకున్న సంగతి కూడా, ఎవరూ అడగకపోయినా, చెప్పేశాడు.

జల్లెడమ్మ ఆఖరిదాకా విని, "నాకు తెలుసు" అంది. "వదిన అన్న మర్నాడే నాకు అనుమానమొచ్చింది. జల్లెడ పట్టిన చేతికి బరువు తెలీదా? కొట్లో తూచి చూసుకున్నాను. మీరూ అక్కడే ఉన్నారు. సబ్బు కొంటున్నారు."

మీరు అంది. పన్నెండేళ్ళుగా నువ్వు అన్న నోరు అది. చెంప మీద కొట్టినా ఆయనకి అంత తగిలేది కాదు.

"మరి అప్పుడే వచ్చి నాకు చెప్పలేదేం వదినా?" అంది అక్క.

"నేను చెబితే దొంగ చెప్పిన సాకు అయ్యేది. పైగా ఆ ప్యాకెట్టు నీ ఇంట్లో గూట్లో ఉంది. నీ తమ్ముడి మీద నేను చెబితే నువ్వు నమ్ముతావా? ఆయన నోటి నుంచి వస్తేనే అది నిజమవుతుంది. నన్ను చూశారు కదా, రేపు చెబుతారులే అనుకున్నాను. మర్నాడు చూశాను. ఆ మర్నాడూ చూశాను. బయట అడుగు చప్పుడైతే చాలు, తలుపు తీసి చూసేదాన్ని." ఆవిడ గొంతు మొదటిసారి కాస్త తడబడింది. "పాలాయన నాకు పాలు పొయ్యడం మానలేదు గానీ, పోసేటప్పుడు నా ముఖం చూడటం మానేశాడు. టీచరమ్మ ఇంట్లో బట్టలు మడతపెట్టే పని ఉండేది. ఇక రావద్దంది."

అక్క మళ్ళీ ఆవిడ చేతులు పట్టుకుంది. "రేపట్నుంచి వచ్చెయ్ వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"వస్తాను. కానీ నువ్వు నన్ను దొంగన్నది ఈ గదిలో కాదు. ఐదుగురి ముందు. ఆ ఐదుగురికీ తెలియాలి. నువ్వు చెబితే జాలిపడి చెప్పావంటారు. ఆయన చెప్పాలి." చెప్పులు వేసుకుని, గదికి తాళం పెట్టి, తాళం లాగి చూసింది. "నేనూ వస్తాను. ఏం చెబుతారో నేనూ వినాలి."

అక్కకి ఇంటి దగ్గర గుడ్లు గిలక్కొట్టినవి అలాగే ఉన్నాయి. ఆవిడ అటు వెళ్ళింది. మడతలాయన ఇటు నడిచాడు, చేతిలో ఖాళీ ప్యాకెట్టు పట్టుకుని. జల్లెడమ్మ నాలుగడుగుల వెనక నడిచింది. ఆయన ఆగితే ఆగింది.

ఎదురింటి టీచరమ్మ అరుగు మీద పేపరు చదువుకుంటోంది. ఆయన చెప్పిందంతా విని, "అయ్యయ్యో" అంది. ఆయన వెనక నిలబడ్డ మనిషిని చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నాకప్పుడే అనిపించింది సుమా, ఆవిడ అలాంటిది కాదని" అంది. పాలాయన డబ్బాలు కడుగుతున్నాడు. కుళాయి కట్టెయ్యకుండానే విన్నాడు. సగం వినపడిందో లేదో, "సరే బాబూ, మంచిది" అన్నాడు. రెండోసారి, గట్టిగా, కుళాయి కట్టించి చెప్పాల్సి వచ్చింది. చెప్పిన ప్రతిసారీ మాటలు తగ్గుతాయనుకున్నాడు మడతలాయన. తగ్గలేదు. ప్రతి చోటా మొదటినుంచీ, ముఖం తగ్గకూడదన్న మాట దగ్గర్నుంచీ, చెప్పుకుంటూ రావాల్సి వచ్చింది.

మూడోది మూలకొట్టు. ఆదివారం పొద్దున్నే అయినా నలుగురైదుగురు ఉన్నారు. జల్లెడమ్మ మెట్టు కిందే ఆగింది. మడతలాయన కౌంటరు దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, ప్యాకెట్టు చూపించి, చెప్పాల్సింది చెప్పాడు. కొట్టాయన వింటూ వింటూ నవ్వాడు. మంచి మనిషే. ఎవరినీ నొప్పించని మనిషి.

"ఇంతోటి దానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారా? వ్యాపారమన్నాక అన్నీ ఉంటాయండీ. మీరేం మనసులో పెట్టుకోకండి" అన్నాడు. తర్వాత ముందుకు వంగి, మెట్టు వైపు కళ్ళతో చూపిస్తూ, "అయినా ఆవిడ కూడా కొద్దో గొప్పో తీసే ఉంటుందిలెండి. పన్నెండేళ్ళు సంచీ నింపుకుని వెళ్ళింది కదా. ఏమీ లేకపోతే ఎవరైనా ఊరికే అంటారా?" అన్నాడు.

గొంతు తగ్గించే అన్నాడు గానీ, కొట్టు చిన్నది. మెట్టు దాకా వినపడింది. మడతలాయన తిరిగి చూశాడు. జల్లెడమ్మ కదల్లేదు. వీధి వైపు చూస్తోంది, ఇలాంటిదేదో వస్తుందని తెలిసే వచ్చినట్టు. మూడు వారాలుగా ఆవిడ ఎక్కడికి వెళ్ళినా వెంట వెళ్ళిన మాట ఇదేనని ఆయనకి అప్పుడు అర్థమయింది. తను ఎన్ని గుమ్మాలు ఎక్కినా దీన్ని పూర్తిగా తుడవలేడని కూడా అర్థమయింది.

"లేదు" అన్నాడు. గట్టిగానే వచ్చింది. కొట్లో అందరూ తలలు తిప్పారు. "ఆవిడ ఒక్క గ్రాము తియ్యలేదు. తీసింది నేను. ఇదిగో, ఈ అరలో ఉన్న ప్రతి ప్యాకెట్టులోంచీ నూట యాభై గ్రాములు తీశాను. మీ కళ్ళకి కనపడకుండా తియ్యమన్నారు, తీశాను. మెచ్చుకుంటే పొంగిపోయాను. ఆ నింద ఆవిడ మీద పడితే నోరు మూసుకున్నాను. ఈ కొట్లో దొంగ అనాలంటే నన్ను అనండి."

పిండి అర దగ్గర నిలబడ్డ ఒకావిడ చేతిలోని ప్యాకెట్టును పక్కకి తిప్పి చూసుకుంది. కొట్టాయన కౌంటరు మీద లేని దుమ్ము గుడ్డతో తుడిచాడు. మడతలాయన మెట్టు దిగి జల్లెడమ్మ ఎదురుగా నిలబడ్డాడు. ఏమన్నా అంటుందేమోనని చూశాడు, ఒక్క మాటయినా, ఆ పాత 'బాబూ' అయినా.

ఆవిడ అప్పటికే నడవడం మొదలుపెట్టింది.

"మెకానిక్కు మధ్యాహ్నమైతే దొరకడు" అంది వెనక్కి తిరక్కుండా. "ఇంకా రెండిళ్ళున్నాయి. పదండి."